అంగుళం ఎత్తు, అడుగు దూరం

విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలు కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర దాకా మైదానంలోనే నడిచి, ఆ తరవాత తూర్పు కనుమలెక్కడం మొదలుపెడుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమిది. ఘాట్‌లో దీని వాలు 60కి 1. రైలు 60 మీటర్లు ముందుకు సాగితే 1 మీటరు పైకి లేస్తుందన్నమాట. డిగ్రీల్లో కొలిస్తే ఒక డిగ్రీ కూడా ఉండదు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు అది ఎక్కుడో దిగుడో కూడా చప్పున తెలియదు. ఇంజనుకు మాత్రం బాగా తెలుసు.

చదును పట్టాల మీద మెల్లగా దొర్లే రైలును వెనక్కి లాగే ఘర్షణ దాని బరువులో సుమారు వెయ్యికి రెండు వంతులు. 60కి 1 వాలు ఎక్కేటప్పుడు దానికి తోడుగా వెయ్యికి పదిహేడు వంతులు వెనక్కి లాగుతుంది. లెక్క తిరగేస్తే, ఒక్క మీటరు ఎత్తు ఎక్కడానికయ్యే శక్తితో అదే రైలు చదునైన దారిలో సుమారు అర కిలోమీటరు పోగలదు. ఎత్తును ఇలా దూరంలోకి మార్చి చూడటం అలవాటైతే, ఆన్‌లైన్ గోల్ఫ్ ఆటలో చాలామందిని ఏడిపించే పుటింగ్ సగం లొంగినట్టే.

మన ప్రాంతపు కుర్రకారుకు గోల్ఫ్ పరిచయమయ్యేది ఎక్కువగా ఫోన్ తెర మీదే. పాతకాలపు మైదానం చూడాలంటే విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు దాకా పోవాలి. కాబట్టి ముందు రెండు మాటలు. బంతిని దూరం నుంచి గాలిలోకి కొట్టి, బాగా కత్తిరించిన నున్నటి పచ్చికలోకి తెస్తారు. ఆ పచ్చికను గ్రీన్ అంటారు. అక్కడి నుంచి నేల మీద దొర్లించి గుంటలో వేయడమే పుట్. గుంట వెడల్పు 4.25 అంగుళాలు, బంతి వ్యాసం 1.68 అంగుళాలు. రెండు వందల గజాల దెబ్బా ఒక దెబ్బే, రెండడుగుల పుటూ ఒక దెబ్బే. అందుకే ఆటల్లో స్కోరు ఎక్కువగా కారిపోయేది ఇక్కడే.

గ్రీన్‌కు ఒక అంకె

1935లో అమెరికాలోని ఓక్‌మాంట్ మైదానంలో యు.ఎస్. ఓపెన్ జరిగింది. ప్రసిద్ధ ఆటగాడు జీన్ సారజెన్ కొట్టిన పుట్ గ్రీన్ మీద ఆగకుండా దొర్లుకుంటూ పోయి ఇసుక గుంతలో పడింది. చూస్తున్నవాళ్ళలో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఔత్సాహిక ఆటగాడు ఉన్నాడు. గ్రీన్ మరీ జారుడుగా ఉందని అందరూ అనుకుంటారు, ఎంత జారుడో చెప్పడానికి మాత్రం ఎవరి దగ్గరా కొలత లేదు. ఆయన చెక్కతో గాడి ఉన్న ఒక కర్ర చేశాడు. దాన్ని మెల్లగా పైకెత్తితే సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి తనంతట తానే జారి, ఎప్పుడూ ఒకే వేగంతో, సెకనుకు 6 అడుగులతో నేలకు దిగుతుంది. అక్కడి నుంచి చదును పచ్చిక మీద ఎన్ని అడుగులు దొర్లితే గ్రీన్ వేగం అంత. అమెరికా గోల్ఫ్ సంఘం 1970లలో దాన్ని అల్యూమినియంతో తిరిగి తయారు చేయించింది. పేరు స్టింప్‌మీటర్.

ఈ అంకెలో దాగినది దొర్లుడు ఘర్షణే. వేగం 10 అయిన గ్రీన్ మీద బంతి వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 1.8 అడుగుల చొప్పున తగ్గుతుంది. వేగం 13 అయితే తగ్గుదల తక్కువ, బంతి ఎక్కువ దూరం పోతుంది. ఆన్‌లైన్ ఆటల్లో గ్రీన్ వేగం కొన్నిచోట్ల ఇదే అంకెగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల ‘నెమ్మది’, ‘వేగం’, ‘టోర్నమెంటు’ లాంటి మాటల వెనక ఉంటుంది. మాట కనిపించినా దాని వెనక ప్రోగ్రాములో ఉండేది ఒక అంకే.

ఎత్తును అడుగుల్లోకి మార్చడం

ఇప్పుడు గుంట బంతికన్నా ఒక అంగుళం ఎత్తులో ఉందనుకోండి. ఎంత ఎక్కువ కొట్టాలి?

వాలు మీద వస్తువును గురుత్వాకర్షణ కిందికి లాగుతుంది. నున్నగా జారే మంచుగడ్డ అయితే ఆ లాగుడంతా వేగంలోనే కనిపిస్తుంది. గట్టి గోళం దొర్లేటప్పుడు అలా కాదు. దాని శక్తిలో ఏడింట రెండు వంతులు తన చుట్టూ తాను తిరగడంలో ఉంటాయి. అందుకని వాలు ప్రభావంలో ఏడింట ఐదు వంతులే ముందుకో వెనక్కో పోయే వేగంలోకి వస్తాయి. ఈ 5/7 పుటింగ్‌లో మరోచోట కూడా కనిపిస్తుంది. కొట్టిన వెంటనే బంతి కొంత జారి, తరవాతే దొర్లుడులో పడుతుంది. అలా పడేసరికి మొదటి వేగంలో మిగిలేది 5/7 వంతు. ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్ బిలియర్డ్స్ ఆట మీద 1835లో వెలువరించిన గ్రంథంలో ఇలాంటి లెక్కలన్నీ ఉన్నాయి.

ఏడింట ఐదు వంతుల గురుత్వం అంటే సెకనుకు సెకనుకు సుమారు 23 అడుగులు. దీన్ని గ్రీన్ ఘర్షణతో భాగిస్తే, ఒక అంగుళం ఎత్తు ఎన్ని అంగుళాల చదును దూరానికి సమానమో తేలుతుంది. వేగం 10 గ్రీన్ మీద 23ను 1.8తో భాగిస్తే 12.8 వస్తుంది. అంటే అంగుళం ఎత్తుకు అడుగు దూరం, ఆపైన పిసరంత. గ్రీన్ వేగం ఎంతైనా సూత్రం ఒకటే: గ్రీన్ వేగాన్ని 1.28తో హెచ్చవేయండి. వేగం 8 గ్రీన్ మీద అంగుళానికి 10 అంగుళాలు, 13 మీద దాదాపు 17 అంగుళాలు. దీన్ని మన ‘మారకపు రేటు’ అందాం.

అంగుళానికి అడుగు కలపాలన్న సూత్రం అనుభవంతో ఆడేవాళ్ళకు తెలిసినదే. అది ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో పై లెక్క చెబుతుంది. గ్రీన్ వేగం తొమ్మిదిన్నర దగ్గర ఉన్నప్పుడే అది కచ్చితం. నెమ్మది గ్రీన్ మీద అదే సూత్రం పట్టుకుంటే బంతి గుంట దాటిపోతుంది. వేగం ఎక్కువైన గ్రీన్ మీద ముందే ఆగిపోతుంది. దిగుడు పుట్‌లో దీనికి ఎదురు: అదే రేటున దూరం తగ్గించుకోవాలి.

దిగుడులో పొరపాటు పెద్దదవుతుంది

ఖనిజం నింపుకొని ఘాట్ దిగే రైలుకు ఇంజను బలం కన్నా బ్రేకు ముఖ్యం. పుట్‌కు బ్రేకు ఉండదు, ఘర్షణ ఒక్కటే దిక్కు.

వేగం 10 గ్రీన్ మీద 100కు 3 వాలు ఉందనుకోండి. ఎక్కుడు పుట్‌లో మీరు అడుగు బలం ఎక్కువ కొడితే బంతి అదనంగా పోయేది 0.7 అడుగు. దిగుడు పుట్‌లో అదే అడుగు పొరపాటు 1.6 అడుగులవుతుంది. వేలు ఒకటే, తడబాటు ఒకటే, ఫలితం మాత్రం రెండింతలకు పైన తేడా. వాలు 100కు 8కి చేరువైతే ఆ గ్రీన్ మీద దిగుడు బంతి ఇక ఆగనే ఆగదు. వేగం 13 గ్రీన్ మీద ఆ హద్దు 100కు 6 దగ్గరే వస్తుంది. సారజెన్ బంతికి పట్టిన గతి ఇలాంటిదే.

అందుకే మంచి పుటింగ్ పుటర్ (పుట్ కొట్టే కర్ర) పట్టకముందే మొదలవుతుంది. గ్రీన్ మీదికి బంతిని తెచ్చే దెబ్బకు గుంటకు దగ్గరగా పడటం ఒక్కటే గురి కాకూడదు. పల్లంలో 12 అడుగుల దూరాన పడిన బంతి, మెరకలో 8 అడుగుల దూరాన పడిన బంతికన్నా చాలాసార్లు మేలు.

పక్కవాలు, బలం, దారి

పక్కకు వాలిన నేల మీద బంతి వంపు తిరుగుతుంది. ఆ వంపు ఎంత అన్న ప్రశ్నకు కూడా మారకపు రేటుతోనే జవాబు దొరుకుతుంది. పక్కవాలు దారి పొడవునా ఒకేలా ఉండి, బంతి సరిగ్గా గుంట అంచున ఆగేలా కొడితే, వంపు మారకపు రేటులో సగం. ఉదాహరణకు 10 అడుగుల పుట్, 100కు 1 పక్కవాలు, గ్రీన్ వేగం 10. పది అడుగులకు 100కు 1 చొప్పున ఎత్తు 1.2 అంగుళాలు. రేటు 12.8లో సగం 6.4. రెండూ హెచ్చవేస్తే 7.7 అంగుళాలు. గుంటకు అంత పైపక్కగా గురిపెట్టాలి. దూరం రెట్టింపైతే వంపూ రెట్టింపవుతుంది.

బంతి గుంట దగ్గరికి ఊపిరి అయిపోతూ కాకుండా, గుంట లేకపోతే ఇంకో అడుగు పోయేంత బలంతో చేరితే? వంపు 7.7 నుంచి 5.8 అంగుళాలకు తగ్గుతుంది. మూడడుగులు దాటే బలంతో అయితే 4.3 అంగుళాలే. దీనికి కారణం సులువు. బంతి ఎక్కువగా వంగేది చివర్లో, మెల్లబడినప్పుడు. బలంగా కొట్టిన బంతికి ఆ చివరి భాగం గుంట అవతలకు పోతుంది. కాబట్టి బలం తేల్చకుండా దారి తేల్చడం కుదరదు. “ఎడమకు ఎంత పెట్టాలి?” అని స్నేహితుణ్ణి అడిగితే, “ఎంత బలంతో?” అని అతను ఎదురు ప్రశ్న వేయాలి.

అలాగని ప్రతిదీ బలంగా కొట్టేయొచ్చా? ఆ దారిని గుంటే మూసేస్తుంది. భౌతికశాస్త్రవేత్త బ్రయన్ హోమ్స్ 1991లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, గుంట నడిమధ్యకు వచ్చిన బంతి కూడా సెకనుకు 1.63 మీటర్లకన్నా వేగంగా ఉంటే లోపల పడకుండా దాటిపోతుంది. వేగం 10 గ్రీన్ మీద అది గుంట దాటి దాదాపు 8 అడుగులు పోయే వేగం. బంతి నడిమి నుంచి పక్కకు జరిగేకొద్దీ ఈ హద్దు ఇంకా పడిపోతుంది. బలం పెరిగేకొద్దీ గుంట ఇరుకైపోతుందన్నమాట. గుంట దాటి అడుగు, అడుగున్నర పోయే బలం ఈ రెండింటికీ మధ్యే మార్గం.

కన్నును నమ్మకండి

మనిషి కన్ను వాలును కొలవడంలో చాలా బలహీనం. వర్జీనియా విశ్వవిద్యాలయంలో డెనిస్ ప్రాఫిట్ బృందం 1995లో ప్రచురించిన పరిశోధనలో కొండవాలు ముందు నిలబడినవాళ్ళను ఎన్ని డిగ్రీలని అడిగారు. 5 డిగ్రీల వాలును జనం సగటున 20 డిగ్రీల దగ్గరగా చెప్పారు. నిలబడి చూసే కొండ దగ్గరే ఇంత తప్పితే, ఆరంగుళాల తెర మీద, ఆట గీసిన కెమెరా కోణంలో, కన్ను చెప్పేదానికి విలువెంత?

ఇక్కడే ఆన్‌లైన్ ఆటగాడికి అసలు గోల్ఫ్ ఆటగాడికన్నా పెద్ద సౌకర్యం ఉంది. చాలా ఆటలు గ్రీన్ మీద గళ్ళు గీసి, వాటిలో వాలు వైపు పారే చుక్కలు చూపిస్తాయి. చుక్క ఎటు పారితే పల్లం అటు, ఎంత వేగంగా పారితే వాలు అంత. బంతికీ గుంటకూ ఎత్తు తేడా అంగుళాల్లో రాసి ఉంటుంది. అసలు మైదానంలో ఈ అంకెలు ఇలా కళ్ళముందు ఉండవు. తెర మీద అంకె ఉండగా బొమ్మ చూసి “కొంచెం ఎక్కుడులా ఉంది” అనుకోవడం దండగ. చుక్కలను దారి పొడవునా చూడండి. చివరి మూడో వంతు మీద ఎక్కువసేపు చూపు నిలపండి, వంపు ఎక్కువ అక్కడే కాబట్టి.

గురి విషయంలో ఒక్క అంకె గుర్తుంటే చాలు. పది అడుగుల నుంచి ఒక డిగ్రీ గురి తప్పితే బంతి రెండంగుళాలకు పైగా పక్కకు పోతుంది. గుంటలో సగం వెడల్పూ అంతే. ఇరవై అడుగుల నుంచి అరడిగ్రీ తప్పినా అదే ఫలితం. గురి గీత జరపడానికి ఆట ఇచ్చే చిన్న బాణాలు, పెద్దది చేసి చూసే సౌకర్యం ఉన్నది ఇందుకే.

మీటరు, వేలు, మిల్లీసెకను

1984లో నింటెండో విడుదల చేసిన గోల్ఫ్ ఆటను ప్రోగ్రాము చేసినవాడు సతోరు ఇవాటా. తరవాతి కాలంలో ఆ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. బటన్ నొక్కితే ఒక గుర్తు పట్టీ మీద కదులుతుంది, మళ్ళీ నొక్కితే బలం ఖాయం, మూడోసారి నొక్కితే గురి ఖాయం. నలభై ఏళ్ళు దాటినా చాలా ఆటలు ఈ మీటరు చుట్టూనే తిరుగుతున్నాయి.

గుర్తు సెకనులో పట్టీ అంతా దాటుతుందనుకుందాం. చేయి తిరిగినవాళ్ళ వేలు కూడా ఇరవై మిల్లీసెకన్లు అటూఇటూ అవుతుంది. అది పట్టీలో 100కు 2 వంతులు. పట్టీ పూర్తి కొలత 50 అడుగులైతే తప్పు ఒక అడుగు. 12 అడుగులైతే తప్పు మూడంగుళాలు. వేలు మెరుగుపడకుండానే తప్పు నాలుగో వంతుకు తగ్గింది. కొలత మార్చుకునే వీలున్న ఆటల్లో, కావలసిన దూరం పట్టగలిగే అతి చిన్న కొలత ఎంచుకోవడం ఉచితంగా దొరికే మెరుగుదల. ఖరీదైన పుటర్ కొనేముందు ఇది చేయండి.

చూసి స్పందించడానికి మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. గుర్తు సరైన చోటికి వచ్చాక నొక్కుదామనుకుంటే ఆలస్యమైనట్టే. అది వచ్చే సమయాన్ని లయతో ముందే పట్టుకోవాలి. ఫోన్ ఆ లయను చెడగొట్టకూడదు. తెర సెకనుకు 60 బొమ్మలు గీస్తే ఒక్కో బొమ్మకు 17 మిల్లీసెకన్లు. బ్యాటరీ పొదుపు మోడ్‌లో అది 30కి పడిపోతే ఒక్కో బొమ్మకు 33. గుర్తు దుముకుతూ కదులుతుంది, మీ లయ దెబ్బతింటుంది. ఆడేటప్పుడు ఆ మోడ్ తీసేయండి, వెనక నడిచే యాప్‌లు మూసేయండి.

తప్పంతా నెట్ మీదికి నెట్టడం మనకు అలవాటు. ఆట సర్వరు సింగపూర్‌లో ఉందనుకోండి. శ్రీకాకుళం నుంచి అక్కడికి గాలిదారిలో సుమారు 2,900 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్ల చొప్పున పోతుంది. తీగ తిన్నగా ఉన్నా, పోయి రావడానికి 29 మిల్లీసెకన్లు తప్పదు. అసలు తీగలు చుట్టుతిరిగి పోతాయి కాబట్టి ఇంకా ఎక్కువే. ఎదురెదురుగా కాల్చుకునే ఆటల్లో అది పెద్ద విషయం. గోల్ఫ్‌లో వంతులవారీగా ఆడతారు. మీటరు మీ ఫోన్‌లోనే నడిచే ఆట అయితే సర్వరు ఎంత దూరంలో ఉన్నా పుట్‌కు నష్టం లేదు.

సాధన ఎలా

ఒకే పుట్‌ను ఇరవైసార్లు వరసగా కొడితే చివరికి బాగా వస్తుంది. మర్నాటికి మిగలదు. 1979లో షియా, మోర్గన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో, రకరకాల పనులను కలగలిపి సాధన చేసినవాళ్ళు అప్పటికి వెనకబడినట్టు కనిపించారు. తరవాత పరీక్షిస్తే వాళ్ళకే ఎక్కువ గుర్తుంది. పుటింగ్‌కూ అదే దారి పట్టండి: ఎక్కుడు, దిగుడు, దగ్గర, దూరం కలిపి కొట్టండి. ప్రతి పుట్‌కూ ముందుగా మీ లెక్క ఒక నోటుపుస్తకంలో రాసి, తరవాత బంతి ఎంత తక్కువైందో ఎక్కువైందో పక్కన రాయండి. గుంటలో పడిందా లేదా అన్నది తక్కువ సమాచారం. ఎన్ని అంగుళాలు తేడా అన్నదే పాఠం.

ఒక పేజీ నిండాక చూడండి. ఎక్కుడు పుట్‌లన్నీ తక్కువవుతూ దిగుడువన్నీ ఎక్కువవుతుంటే మీ మారకపు రేటు చిన్నది, పెంచండి. అన్నీ ఒకేవైపు తప్పుతుంటే మీటరు నొక్కే సమయం తేడా. క్రమం లేకుండా చెదిరితే అది వేలి తడబాటు, కొలత తగ్గించండి. ఆటను తయారు చేసినవాళ్ళు అసలు భౌతికశాస్త్రాన్ని పూర్తిగా పాటించాలన్న నియమం లేదు. కాబట్టి 1.28 అన్న అంకెతో మొదలుపెట్టి, మీ ఆటకు సరిపడే అంకెను మీ పుస్తకమే చెప్పేలా చూడండి.

అత్యాశ మాత్రం వద్దు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు మార్క్ బ్రాడీ అమెరికా వృత్తి ఆటగాళ్ళ పుట్‌లను లెక్కగట్టాడు. 8 అడుగుల దగ్గర వాళ్ళు గుంటలో వేసేది రెండింట ఒకటే. 33 అడుగుల నుంచి సగటున రెండు దెబ్బలు పడతాయి. దూరపు పుట్‌లో మీ పని గుంటలో వేయడం కాదు, రెండో దెబ్బను రెండడుగులకు తేవడం.

చేసి చూడండి

ఎండిన తాటిమట్ట ఒకటి తీసుకుని, అంచుల రంపపు పళ్ళు కత్తితో గీకేయండి. లోపలి గాడి నునుపుగా ఉంటే చాలు, లేకపోతే నిలువునా చీల్చిన ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి. బడి బల్ల లాంటి పొడుగు బల్ల మీద దుప్పటి ముడతలు లేకుండా పరిచి, ఒక కొసన మట్టను ఏటవాలుగా ఆనించండి. గాజు గోలీని ప్రతిసారీ ఒకే గుర్తు దగ్గర వదిలి, దుప్పటి మీద ఎన్ని అంగుళాలు దొర్లిందో కొలవండి. ఐదుసార్లు చేసి సగటు తీయండి. ఇప్పుడు బల్ల రెండో కొస కింద పుస్తకాలు పెట్టి పైకెత్తండి. మట్టకూ బల్లకూ మధ్య కోణం మారకుండా, రెండింటినీ కలిపే ఎత్తాలి. మళ్ళీ వదలండి. దూరం ఎంత తగ్గిందో, గోలీ ఆగిన చోటు దిగిన చోటుకన్నా ఎన్ని అంగుళాలు ఎత్తులో ఉందో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మీ దుప్పటి మారకపు రేటు వస్తుంది. బల్లతో పాటు మట్ట కూడా కొంచెం వంగుతుంది కాబట్టి వాలు చిన్నదిగానే ఉంచండి. దుప్పటి తీసి జంపఖానా వేస్తే రేటు మారుతుంది. ఎటు మారుతుందో ముందు ఊహించి తరవాత కొలవండి.

ఇక ఫోన్ పట్టేముందు ఒక లెక్క. గ్రీన్ వేగం 11. గుంట 18 అడుగుల దూరంలో, బంతికన్నా 3 అంగుళాలు ఎత్తులో ఉంది. బంతి గుంట దాటి ఒక అడుగు పోయే బలం కావాలి. పట్టీకి 25 అడుగుల కొలత, 50 అడుగుల కొలత రెండూ ఉన్నాయి. ఏది ఎంచి, ఎంత కొడతారు?

జవాబు: మారకపు రేటు 14. మూడంగుళాలకు 42 అంగుళాలు, అంటే మూడున్నర అడుగులు. 18కి అది కలిపి, పైన ఒక అడుగు చేరిస్తే 22.5 అడుగులు. కొలత 25 అడుగులది, గుర్తు పట్టీలో 100కు 90 దగ్గర. వేలు 100కు 2 తప్పినా చదును లెక్కన తేడా ఆరంగుళాలే. ఎక్కుడు కాబట్టి నేల మీద ఇంకా తక్కువ, గుంట దాటించడానికి మీరు ఉంచుకున్న అడుగులోనే అది సర్దుకుపోతుంది.